గేటు బయటి బీడీ

తమిళనాడులో హోసూరు పక్కనున్న బాగలూరులో పొద్దు పొడవకముందే టీ అంగళ్లు తెరుచుకుంటాయి. గులాబీ తోటల్లో పూలు కోయబోయేవాళ్లు, పాలీహౌసుల్లో పనిచేసేవాళ్లు, హోసూరు ఫ్యాక్టరీల మొదటి షిఫ్టుకు బస్సు కోసం కాచుకున్నవాళ్లు అక్కడ చేరతారు. ఒకే బెంచీ మీద తెలుగూ కన్నడమూ తమిళమూ కలగలిసి వినబడే ఊరది. మొరసునాడు అని పిలిచే ఈ సీమ చలికి చేతిలో వేడి గ్లాసు, వేళ్ల సందున బీడీ. గ్లాసు లేకుండా బీడీ, బీడీ లేకుండా గ్లాసు చాలామందికి పడవు.

పొద్దు గూకేసరికి వీటికి మూడోది తోడవుతుంది. తెలుగులో మందు అంటే జబ్బు నయం చేసేదీ మందే, సీసాలో దొరికేదీ మందే. సీసా మందు ఒంటిని, ఇంటిని గుల్ల చేశాక కుటుంబం ఆ మనిషిని వైద్యానికి తీసుకుపోతుంది. బాగలూరు నుంచి హోసూరు ఎంతో దూరం లేదు. హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లు. అత్తిబెలె, చందాపుర, ఎలక్ట్రానిక్ సిటీ దాటి ఊళ్లోకి పోయే ఆ దారి పేరే హోసూరు రోడ్డు. ఆ రోడ్డు మీదనే నిమ్హాన్స్ ఉంది. పాత మానసిక వైద్యశాలనూ, 1954లో మొదలైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనూ 1974లో కలిపి ఏర్పాటు చేసిన ఆసుపత్రి అది. మద్యం, గంజాయి, ఇతర మత్తుల నుంచి బయటపడాలనుకునేవాళ్ల కోసం అక్కడ ప్రత్యేకంగా ఒక వ్యసన వైద్య కేంద్రం నడుస్తోంది.

అంత పెద్ద ఆసుపత్రి అయినా, ఏదో ఊళ్లోని చిన్న డీ-అడిక్షన్ సెంటరైనా, ఇలాంటి వార్డుల చుట్టూ ఒక మాట ఏళ్లతరబడి తిరుగుతోంది. దేశం ఏదైనా అదే మాట. “పోనీలే, మందు మానుతున్నాడు కదా. బీడీ కూడా లాగేసుకుంటే ఎట్లా తట్టుకుంటాడు?” భార్య అంటుంది, అన్న అంటాడు, పక్క మంచం రోగి అంటాడు. చాలా చోట్ల వైద్య సిబ్బంది కూడా అనేవారు. జాలితో పుట్టిన మాట కాబట్టే దాన్ని ఎవరూ నిలదీయలేదు. బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదన్న నియమం 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా గట్టిగా అమల్లోకి వచ్చింది. ఆ తరువాత బీడీ వార్డు వదిలి గేటు బయటికి వెళ్లింది గాని రోగి జేబు వదలలేదు.

ఆ జాలి ఎంత ఖరీదైనదో లెక్కగట్టి చూపిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో మేయో క్లినిక్ ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో, 1972 నుంచి 1983 వరకు మద్యం, మత్తుల చికిత్స కోసం వార్డులో చేరిన 845 మందిని పరిశోధకులు ఏళ్లతరబడి గమనించారు. వాళ్లలో 222 మంది చనిపోయారు. మరణ కారణాలు విడదీసి చూస్తే మద్యం వల్ల పోయినవాళ్లు 34 శాతం. పొగాకు వల్ల పోయినవాళ్లు 51 శాతం. 1996లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తాగుడు మాన్పించడానికి వార్డులో చేర్చుకున్న మనుషులను తాగుడు కన్నా ఎక్కువగా పొగే తీసుకుపోయింది.

ప్రపంచంలో లక్షలాదిమందిని తాగుడు నుంచి బయటికి తెచ్చిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సహ వ్యవస్థాపకుడు బిల్ విల్సన్ కథ కూడా ఇదే. ఆయన 1934 తరువాత మద్యం ముట్టలేదు. సిగరెట్టు మాత్రం చాలా ఏళ్లు వదల్లేదు. ఊపిరితిత్తులు పాడై, ఎంఫిసీమాతో, న్యుమోనియాతో 1971 జనవరిలో కన్నుమూశాడు. ముప్పయ్యారేళ్లు మద్యాన్ని దూరం పెట్టిన సంకల్పం ఆయనది. కాబట్టి సంకల్పం లేక పోయాడని ఎవరూ అనలేరు. సిగరెట్టు మానడానికి నిజంగా సాయపడే మందు ఆ రోజుల్లో అమెరికాలో లేదు.

వ్యసన చికిత్సలో ఉన్నవాళ్లలో పొగ తాగేవాళ్లు ఎందరు? 20 దేశాల అధ్యయనాలను కలిపి 2016లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం వందకు 84 మంది. అలాంటి వయసు, అలాంటి నేపథ్యం ఉన్న మామూలు జనంలో 31 మందే. మన దేశంలో 2016-17 పొగాకు సర్వే చూస్తే పెద్దవాళ్లలో పొగ తాగేవాళ్లు 10.7 శాతం. అంటే పదిమందిలో ఒక్కరు. వాళ్లలో సగానికి పైగా, 55 శాతం, మానాలనో మానే ఆలోచన ఉందనో చెప్పారు. మనకు ఇంకొక పెద్ద లెక్క ఉంది. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన మత్తు పదార్థాల సర్వే అది. మద్యం తాగేవాళ్లు దాదాపు 16 కోట్లనీ, వాళ్లలో సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్లనీ చెప్పింది. మద్యం, గంజాయి, నల్లమందు జాతివి, నిద్రమాత్రలు, పీల్చే ద్రావకాలు, ఇలా ఎనిమిది రకాల మత్తులను ఆ సర్వే లెక్కించింది. పొగాకు ఆ ఎనిమిదిలో లేదు. దానికి వేరే సర్వే ఉందన్నది నిజమే. కానీ ఒకే మనిషి నోట్లో కలిసి ఉండే రెండు వ్యసనాలను రెండు శాఖలు రెండు పుస్తకాల్లో రాసుకుంటే, వార్డులోనూ అవి రెండుగానే ఉండిపోతాయి.

ఒంటిలో మాత్రం అవి వేరుగా లేవు. మద్యం నోటి పొరనూ గొంతు పొరనూ దెబ్బతీసి, పొగలోని విషాలకు లోపలికి దారి ఇస్తుంది. 1988లో అమెరికాలో నోటి, గొంతు క్యాన్సర్ల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, రెండూ అతిగా వాడేవాళ్లకు ముప్పు, రెండూ ముట్టనివాళ్లతో పోలిస్తే 35 రెట్లకు పైన తేలింది. మద్యం తెచ్చే ముప్పునూ పొగ తెచ్చే ముప్పునూ కూడితే ఆ సంఖ్య రాదు, గుణించాలి. మెదడులోనూ అంతే. నికోటిన్, మద్యం రెండూ డోపమిన్ అనే ఒకే రసాయనపు దారిని కదిలిస్తాయి. ఏళ్లకొద్దీ కలిసి నడిచిన అలవాట్లు ఒకదాన్ని ఒకటి గుర్తుచేస్తాయి. బీడీ వెలిగించిన చేతికి గ్లాసు లేని వెలితి తెలుస్తుంది.

ఇక్కడ నికోటిన్ పని తీరు కొంచెం నిదానంగా చూడాలి. ఒక దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడును చేరుతుంది. నరానికి ఎక్కించే సూది మందు కూడా అంతకన్నా త్వరగా పనిచేయదు. అక్కడ దాని కోసమే అన్నట్టు కొన్ని గ్రాహకాలు ఉంటాయి. నికోటిన్ వాటిని తట్టగానే డోపమిన్ విడుదలై హాయి కలుగుతుంది. రెండు గంటలకల్లా రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది. గ్రాహకాలు ఖాళీ అవుతాయి, చిరాకు మొదలవుతుంది, మళ్లీ బీడీ. రాత్రంతా నిద్రలో నికోటిన్ అందదు కాబట్టే తెల్లవారుజామున టీ అంగడి దగ్గర మొదటి బీడీకి అంత రుచి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ ఫాగర్‌స్ట్రోమ్ పేరు మీద, నికోటిన్ బంధం ఎంత గట్టిదో కొలవడానికి ప్రపంచమంతా వాడే ప్రశ్నావళిలో అన్నిటికన్నా పదునైన ప్రశ్న దీని గురించే. నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకు మొదటిది వెలిగిస్తారు? అయిదు నిమిషాల లోపల అంటే బంధం చాలా గట్టిదని అర్థం. బీడీ తాగేవాళ్ల విషయంలో ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. బీడీలో పొగాకు సిగరెట్టులో కన్నా తక్కువే ఉంటుంది గాని, ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ లాగాలి. దాంతో లోపలికి చేరే నికోటిన్ తక్కువేమీ కాదు. మందు మోతాదు నిర్ణయించాలంటే బీడీలు లెక్కపెట్టడం చాలదు, ఆ మొదటి నిమిషాలు అడగాలి.

క్యాన్సర్ తెచ్చేది, గుండెను, ఊపిరితిత్తులను పాడుచేసేది ముఖ్యంగా పొగ. అందులో ఏడు వేలకు పైగా రసాయనాలున్నాయి, వాటిలో డెబ్బై దాకా క్యాన్సర్ కారకాలు. నికోటిన్ చేసే పెద్ద అపకారం మనిషిని ఆ పొగకు కట్టిపడేయడం. మరి పొగ లేకుండా నికోటిన్ ఇస్తే? ఈ ఆలోచన ఒక ఉత్తరంతో మొదలైంది. స్వీడన్‌లో జలాంతర్గాముల్లో పనిచేసే నావికులు లోపల పొగ తాగలేక, నోట్లో పొగాకు పెట్టుకొని కాలం గడుపుతున్నారని క్లేస్ లుండ్‌గ్రెన్ అనే పరిశోధకుడు గమనించాడు. 1967 చివరలో ఆ సంగతి మందుల కంపెనీలో ఉన్న తన మిత్రుడు ఊవె ఫెర్నోకు రాశాడు. ఫెర్నో పదేళ్లు కష్టపడి నికోటిన్‌ను చూయింగ్ గమ్ములో ఇమిడ్చాడు. 1978లో స్విట్జర్లాండ్ దానికి మొదట అనుమతి ఇచ్చింది. తరువాత చర్మానికి అంటించే పట్టీ వచ్చింది.

పట్టీ అన్నా గమ్ము అన్నా ఇంట్లోవాళ్లకు ఒక అనుమానం తప్పక వస్తుంది. అందులో ఉన్నదీ నికోటినే కదా, ఒక వ్యసనం పోయి ఇంకొకటి రాదా అని. బాగలూరు గులాబీ రైతుకు దీని జవాబు సులువుగా అర్థమవుతుంది. మడిలోకి ఒక్కసారిగా నీళ్లు వదలడం వేరు, డ్రిప్పు పెట్టి చుక్క చుక్కగా వేరుకు అందించడం వేరు. దమ్ము వరద లాంటిది. సెకన్లలో పొంగి, గంటల్లో ఇంకి, మళ్లీ కావాలనిపిస్తుంది. పట్టీ డ్రిప్పు. రోజంతా సన్నగా అందిస్తూ చిరాకును, వణుకును అణచి ఉంచుతుంది గాని ఆ పొంగును ఇవ్వదు. పొంగు లేనిచోట అలవాటు బలపడదు. రోజుకు పది సిగరెట్లకు పైగా తాగేవాళ్లకు 21 మిల్లీగ్రాముల పట్టీతో మొదలుపెట్టి, వారాల మీద 14కు, 7కు దించుతారు. నడుమ ఉన్నట్టుండి కోరిక లేస్తే దానికి గమ్ము. పట్టీ ఒక్కటే, గమ్ము ఒక్కటే ఇవ్వడం కన్నా రెండూ కలిపి ఇస్తే ఎక్కువమంది మానుతారు.

గమ్మును చూయింగ్ గమ్ములాగా నమలకూడదు. నాలుగుసార్లు నమిలి, కారంగా చురుక్కుమనగానే చెంప పక్కన పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు. ఆకువక్క దవడన పెట్టుకున్న అలవాటు ఉన్నవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. తెలియనివాళ్లు మిఠాయిలా నమిలి మింగేసి, ఎక్కిళ్లూ గుండెమంటా వచ్చి, “ఇది నాకు పడలేదు” అని పక్కన పడేస్తారు. ఒక్క నిమిషం చూపించి చెబితే ఆగిపోయే నష్టం ఇది.

రెండో మందు ఒక చెట్టు నుంచి వచ్చింది. ఐరోపాలో లాబర్నమ్ అనే చెట్టు వేసవిలో పసుపుపచ్చటి పూలగుత్తులు వేలాడదీస్తుంది. అచ్చం మన రేల పూలలాగే ఉంటాయి. అందుకే ఇంగ్లీషువాళ్లు రేలకు ఇండియన్ లాబర్నమ్ అని పేరు పెట్టారు. పోలిక పూలతోనే సరి. లాబర్నమ్ గింజల్లో సైటిసిన్ అనే పదార్థం ఉంటుంది, రేలలో అది లేదు. సైటిసిన్‌తో బల్గేరియా 1964 నాటికే పొగ మాన్పించే మాత్ర చేసింది. పడమటి దేశాలు చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. అమెరికా కంపెనీ ఫైజర్ పరిశోధకులు ఆ అణువును మెరుగుపరిచి వరెనిక్లిన్ తయారుచేశారు. 2006లో దానికి అమెరికా అనుమతి వచ్చింది.

వరెనిక్లిన్ చేసే పని హోసూరు బస్టాండులో రోజూ కనబడుతుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటారే, అదీ సంగతి. మాత్ర ముందుగా పోయి మెదడులోని నికోటిన్ గ్రాహకాల మీద తువ్వాలు వేస్తుంది. ఆ తరువాత బీడీ వెలిగించినా నికోటిన్‌కు కూర్చునే చోటు దొరకదు, తాగిన తృప్తి రాదు. పైగా వరెనిక్లిన్ ఆ గ్రాహకాలను కొద్దిగా కదిలిస్తూనే ఉంటుంది కాబట్టి మానినందువల్ల వచ్చే చిరాకూ తగ్గుతుంది. మానే రోజుకు వారం ముందు చిన్న మోతాదుతో మొదలుపెట్టి, పూర్తి మోతాదుకు తీసుకుపోయి, 12 వారాలు వాడతారు. వికారం, వింత కలలు దీని ప్రధాన ఇబ్బందులు. అన్నం తిన్నాక నీళ్లతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. వ్యసన వార్డుకు సంబంధించి దీనికి ఒక గొప్ప అనుకూలత ఉంది. ఈ మందు కాలేయం మీద భారం వేయకుండా దాదాపు మొత్తంగా మూత్రంలో పోతుంది. తాగి తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్లే ఎక్కువగా ఉండే వార్డులో ఇది చిన్న విషయం కాదు. మూత్రపిండాలు బాగున్నాయో లేదో మాత్రం ముందు చూడాలి.

మూడోది బుప్రోపియాన్. దిగులుకు వాడే మందు, పొగ మాన్పించడానికీ పనికొస్తుంది. కానీ మద్యం వార్డులో దీనితో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఏళ్లకొద్దీ తాగిన మనిషి ఒక్కసారిగా మానితే మొదటి రెండు రోజుల్లో మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. బుప్రోపియాన్ కూడా మూర్ఛ ముప్పు పెంచేదే. అందుకే మద్యమో, నిద్రమాత్రలో హఠాత్తుగా ఆపుతున్న మనిషికి ఆ సమయంలో దాన్ని ఇవ్వకూడదు. వీధి చివరి మందుల అంగట్లో అడిగి తెచ్చుకొనే మందు కాదు అనడానికి ఇంతకన్నా కారణం వద్దు.

వరెనిక్లిన్ వచ్చిన కొత్తలో దాని మీద ఒక భయం కమ్ముకుంది. మనసును దెబ్బతీస్తుందని, ఆత్మహత్య ఆలోచనలు తెస్తుందని. 2009లో అమెరికా ఔషధ సంస్థ డబ్బా మీద నల్లగీతల హెచ్చరిక వేయించింది. మానసిక రోగులకు, వ్యసనాలున్నవాళ్లకు ఈ మందు రాయడానికి డాక్టర్లు వెనకాడారు. ఆ భయాన్ని తేల్చడానికి 16 దేశాల్లో 8,144 మందితో ఈగల్స్ అనే పెద్ద పరీక్ష జరిగింది. వాళ్లలో సగం మంది మానసిక సమస్యలున్నవాళ్లే. 2016లో ఫలితాలు వచ్చాయి. భయపడినంత ప్రమాదం కనబడలేదు, అదే ఏడాది చివర హెచ్చరిక తీసేశారు. మానసిక సమస్యలున్న గుంపులో 9 నుంచి 12 వారాల మధ్య పూర్తిగా మాని ఉన్నవాళ్లు వరెనిక్లిన్‌తో 29 శాతం, పట్టీతో 20, బుప్రోపియాన్‌తో 19, ఉత్తుత్తి మాత్రతో 11 శాతం. మంచి మందుతో కూడా పదిమందిలో ముగ్గురే నిలిచారని కొందరికి నిరాశ కలగవచ్చు. ఏ మందూ లేకుండా ఆ సంఖ్య ఒకటికి పడిపోతుందన్నది చూడాలి. ఇంకో సంగతీ ఉంది. ఆ పరీక్షలో అప్పటికి మద్యం, మత్తుల వ్యసనంలో మునిగి ఉన్నవాళ్లను చేర్చుకోలేదు. కాబట్టి వార్డులో ఉన్న మనిషికి ఆ అంకెలను అచ్చంగా వర్తింపజేయడం కుదరదు.

వార్డులో ఉన్నవాళ్ల మీదే చేసిన పరీక్షలు లేకపోలేదు. అసలు వాదమంతా వాటి చుట్టూనే జరిగింది, అక్కడ జవాబు ఒక్కమాటలో రాలేదు. 2004లో జుడిత్ ప్రొచాస్కా, ఆమె సహ పరిశోధకులు 19 పరీక్షలను కలిపి చూశారు. వ్యసన చికిత్సతో పాటు పొగ మానడానికి సాయం అందుకున్నవాళ్లు దీర్ఘకాలంలో మద్యానికీ మత్తులకూ దూరంగా ఉండే అవకాశం 25 శాతం ఎక్కువని తేలింది. జాలితో వదిలేయమన్న పాత మాటకు ఇది పెద్ద దెబ్బ. అయితే అదే ఏడాది మిన్నెసోటాలోనే 499 మందితో జరిగిన ఇంకొక పరీక్ష ఎదురు నిలిచింది. సగం మందికి మద్యం చికిత్సతో పాటే పొగ చికిత్స ఇచ్చారు, మిగతా సగానికి ఆరు నెలలు ఆగి ఇచ్చారు. పొగ మానినవాళ్ల శాతంలో తేడా లేదు. కానీ ఆరో నెలలో మద్యానికి దూరంగా ఉన్నవాళ్లు మొదటి గుంపులో 51 శాతం, ఆగి మొదలుపెట్టిన గుంపులో 64 శాతం. ఈ ఫలితాన్ని దాచిపెట్టి ముందుకు పోవడం న్యాయం కాదు. రెండు బరువులు ఒక్కసారి ఎత్తలేనివాళ్లు కొందరుంటారని అది చెప్పింది.

2016లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 34 పరీక్షలను, దాదాపు 5,800 మందిని కలిపి మళ్లీ తూకం వేసింది. అప్పుడు తేలినవి రెండు. పొగ మాన్పించే చికిత్స వల్ల మద్యం, మత్తుల చికిత్సకు హాని జరగలేదు, మేలూ స్పష్టంగా కనబడలేదు. ఇక పొగ విషయానికొస్తే, మాటలతో చేసే కౌన్సెలింగు ఒక్కటే ఇస్తే ఈ జనంలో ఫలితం తేలలేదు. మందు ఇస్తే మానినవాళ్లు ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగారు, మందూ మాటా కలిస్తే ఇంకొంచెం ఎక్కువ. మన దగ్గర వార్డు గోడ మీద ఒక పోస్టరు, డిశ్చార్జి రోజున “బీడీ కూడా మానెయ్ అప్పా” అన్న ఒక మాట చాలనుకుంటారు. వ్యసనంలో ఉన్న మనిషికి పోస్టరు చాలదని, మందు కావాలని ఆ 34 పరీక్షలు చెబుతున్నాయి. 2025లో అమెరికాలో వేలమందిని ఏళ్లతరబడి గమనించిన ఒక అధ్యయనమూ పొగ మానినవాళ్లు ఇతర వ్యసనాల నుంచి కోలుకొని ఉండే అవకాశం 42 శాతం ఎక్కువని గుర్తించింది. ఏది కారణమో ఏది ఫలితమో ఇలాంటి గమనింపు తేల్చలేదు. అయినా బీడీ లాగేసుకుంటే మళ్లీ తాగుతాడన్న భయానికి దాంట్లో ఆధారం దొరకదు.

వరెనిక్లిన్ మద్యం కోరికను కూడా తగ్గిస్తుందా అన్న ప్రశ్న మీద కూడా పని జరుగుతోంది. 2013లో అమెరికాలో 200 మందితో చేసిన పరీక్షలో అతిగా తాగిన రోజులు తగ్గాయి. అలాగని ఈ మాత్ర వేసుకుంటూ తాగవచ్చని కాదు. కొందరికి ఈ మందుతో మద్యం మామూలుకన్నా ఎక్కువగా ఎక్కుతుందని 2015లో అమెరికా ఔషధ సంస్థే హెచ్చరించింది.

వార్డులో ఇదంతా ఎప్పుడు మొదలుపెట్టాలి? మొదటి మూడు నాలుగు రోజులు గట్టివి. మద్యం ఆగిన కొన్ని గంటలకు చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, చెమటలు పోస్తాయి. కొందరికి రెండో మూడో రోజున మతి చలిస్తుంది. వణుకూ మూర్ఛా రాకుండా డయజపామ్ జాతి మందులు, నరాల కోసం థయమిన్ ఇస్తారు. నికోటిన్ ఆగినా ఇలాంటి చిరాకు, ఇలాంటి నిద్రలేమే. అదీ రెండు మూడు రోజులకు ముదురుతుంది. రెండు బాధలూ ఒకదాని మీద ఒకటి పడితే రోగికి తెలిసేది ఒక్కటే, “నేనిక్కడ ఉండలేను”. చికిత్స సగంలో సంచి సర్దుకొని గేటు దాటిపోవడానికి ఒక కారణం ఇదే. ఆ మొదటి రోజు నుంచే భుజానికి నికోటిన్ పట్టీ అంటిస్తే ఆ రెండింట్లో ఒక బరువు దిగుతుంది. ఆ క్షణాన అతడు జీవితాంతం బీడీ మానుతానని మాట ఇవ్వనక్కరలేదు. పట్టీ పనిచేస్తుందని ఒంటికి తెలిస్తే, వారం తరువాత మాట్లాడే డాక్టరు పని సగం అయినట్టే.

న్యూయార్క్ రాష్ట్రం 2008 జులైలో తన వ్యసన చికిత్స కేంద్రాలన్నిటినీ పొగ రహితం చేసి, మానడానికి చికిత్స అందించమని ఆదేశించింది. కేంద్రాలు ఖాళీ అయిపోతాయని చాలామంది బెదిరించారు. అలా జరగలేదు. రోగుల్లో పొగ తాగేవాళ్లు సుమారు 69 శాతం నుంచి 63కు తగ్గారు. చిన్న తగ్గుదలే. గేటుకు తాళం వేసినంత మాత్రాన అలవాటు పోదని దాంతో తేలింది.

మన దేశంలో దారులు లేవని కాదు. 2002లో కేంద్ర ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 13 చోట్ల పొగాకు మాన్పించే క్లినిక్కులు తెరిచాయి. వాటిలో నిమ్హాన్స్ ఒకటి. ఆ పనిలో మొదటి నుంచి ఉండి, దేశంలో ఇలాంటి సేవలు విస్తరించాలని రాస్తూ వచ్చిన వ్యసన వైద్యురాలు ప్రతిమా మూర్తి 2021లో ఆ సంస్థకే డైరెక్టరయ్యారు. 2021లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వరెనిక్లిన్‌నూ బుప్రోపియాన్‌నూ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. 2022లో మన జాతీయ జాబితాలోకి నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స వచ్చింది. 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ల చేత పొగాకు మాన్పించడానికి మొట్టమొదటి చికిత్సా మార్గదర్శకాలు విడుదల చేసి, ఈ మూడింటితో పాటు పాత సైటిసిన్‌ను కూడా సిఫారసు చేసింది. మన దగ్గర 2 మిల్లీగ్రాముల గమ్ము డాక్టరు చీటీ లేకుండానే మందుల అంగట్లో దొరుకుతుంది. 4 మిల్లీగ్రాములదానికి చీటీ కావాలి. ఎలక్ట్రానిక్ సిగరెట్లను మాత్రం 2019లో చట్టం చేసి నిషేధించారు కాబట్టి ఆ దారి ఇక్కడ లేదు.

ఇంకొక దారి సిగరెట్టు పెట్టె మీదే అచ్చయి ఉంది. 1800-11-2356. డబ్బు కట్టనక్కరలేని క్విట్‌లైన్ అది. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. 2018లో పెట్టెల మీద ఈ నంబరు వేయడం తప్పనిసరి అయ్యాక ముంబయి, గువాహటి, బెంగళూరుల్లో కొత్త కేంద్రాలు తెరిచారు. బెంగళూరు కేంద్రం నిమ్హాన్స్‌లోనే ఉంది. దక్షిణాది భాషల కాల్స్ అందుకొనేది అదే, తెలుగులోనూ మాట్లాడతారు. బాగలూరు మనిషికి దీని విలువ వేరు. అతడి ఇంటి భాష తెలుగు, బడి భాష తమిళం, బెంగళూరు ఆసుపత్రి చీటీ మీద ఇంగ్లీషు, వార్డు వరండాలో కన్నడం. తన తాగుడు గురించీ, బీడీ గురించీ, వాటి వెనకున్న ఇంటి గొడవల గురించీ చెప్పుకోవడానికి అమ్మ దగ్గర మాట్లాడే భాష కావాలి. కౌన్సెలరు మానే తేదీ ఒకటి పెట్టిస్తారు, ఆ తేదీ దాటాక వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారు. ఫోనులో మందు ఇవ్వరు. అందుకే మందు చేతికొచ్చే వార్డూ, మాట వినిపించే ఫోనూ ఒకే గొలుసులో ఉండాలి. డిశ్చార్జి చీటీలో థయమిన్, మద్యం కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్ పక్కన పట్టీకో వరెనిక్లిన్‌కో ఒక వరుస ఉండాలి. చాలా చీటీల్లో ఇంకా ఆ వరుస ఖాళీ. వ్యసన చికిత్సలో ఉన్న ఏ కుటుంబమైనా ఆ వరుస గురించి అడగవచ్చు. “సార్, బీడీకి కూడా ఏమన్నా మందు రాస్తారా?” అన్న ఒక్క ప్రశ్న.

చివరికి అతడు బస్సు దిగి వచ్చేది బాగలూరు టీ అంగడికే. వైద్యులు అక్కడి కోసం కూడా ఒక సంగతి చెప్పి పంపాలి. పొగలోని రసాయనాలు కాలేయంలో ఒక ఎంజైమును ఉరకలెత్తిస్తాయి. కాఫీ, టీల్లోని కెఫీన్‌ను కరిగించేది ఆ ఎంజైమే. పొగ మానగానే దాని వేగం తగ్గుతుంది, అవే గ్లాసులకు ఒంట్లో కెఫీన్ రెట్టింపు దాకా నిలిచిపోగలదు. గుండె దడ, చేతి వణుకు, నిద్ర పట్టకపోవడం. అవి చూసి, బీడీ మానినందుకే ఇదంతా అనుకొని మళ్లీ వెలిగించినవాళ్లు ఎందరో. పట్టీలోనూ గమ్ములోనూ పొగ లేదు కాబట్టి అవి ఈ ఎంజైమును కదిలించవు. పొగ మానిన మనిషి రోజుకు ఆరు గ్లాసుల టీ తాగే అలవాటుంటే మూడుకు దించుకోవాలి. టీ తాగిన వెంటనే గమ్ము నోట్లో వేసుకుంటే నికోటిన్ సరిగా ఎక్కదు, పావుగంట ఆగాలి. తెల్లవారి తోట పనికి బయలుదేరేముందు, గ్లాసు కింద పెట్టాక వచ్చే ఆ పావుగంటే రోజు మొత్తంలో కష్టమైనది. నిన్నటిదాకా సరిగ్గా ఆ పావుగంటలోనే బీడీ వెలిగేది. భుజం మీద పట్టీ ఉంటే అది గడుస్తుంది.